కారు ఇండికేటర్ బల్బు పోతే: హోల్డరులో పట్టే బల్బు కాదు, సరైన బల్బు ఎంచుకోవడం ఎలా?

ఎడమవైపు ఇండికేటర్ వేయగానే డ్యాష్‌బోర్డు మీది బాణం గుర్తు మామూలు కంటే దాదాపు రెట్టింపు వేగంతో కొట్టుకుంటోందా? అయితే ఆ వైపు ముందో వెనకో ఒక బల్బు పోయి ఉంటుంది. దాన్ని మార్చడం పెద్ద ఖర్చు కాదు, మెకానిక్ అవసరం కూడా చాలాసార్లు ఉండదు. అయినా ఈ చిన్న పనిలోనే తప్పులు ఎక్కువగా జరుగుతాయి. దుకాణంలో చేతికిచ్చిన బల్బు హోల్డరులో కూర్చుంటుంది, వెలుగుతుంది, ఇక పని అయిపోయిందనుకుంటాం. కానీ బైకు ఇండికేటర్‌కు వాడే 10 వాట్ల బల్బు కూడా 21 వాట్ల కారు హోల్డరులో చక్కగా కూర్చుంటుంది. లారీలకు వాడే 24 వోల్టుల బల్బు కూడా అంతే. రెండూ వెలుగుతాయి. మిట్టమధ్యాహ్నం హైవే మీద వెనక వచ్చే డ్రైవరుకు మాత్రం ఆ వెలుగు కనిపించదు. మీరు ఇండికేటర్ వేశారు, ఆయన చూడలేదు. తరువాత జరిగేదానికి ఇద్దరిలో ఎవరినీ తప్పుపట్టలేం.

అందుకే ఇక్కడ బిగించే పద్ధతి కంటే ఎంచుకునే పద్ధతి గురించే ఎక్కువగా చెబుతాను.

మొదటి అడుగు: పోయింది బల్బేనా?

బల్బు కొనడానికి ముందు కారు ఆపి, ఇండికేటర్లన్నీ ఒకేసారి వెలిగే హజార్డ్ స్విచ్ నొక్కి, చుట్టూ ఒకసారి తిరిగి చూడండి. ముందు రెండు, వెనక రెండు, పక్కన ఫెండరు (ముందు చక్రం పైనున్న రేకు) మీదో అద్దం మీదో మరో రెండు. ఒక్కటి మాత్రమే వెలగకపోతే అనుమానం బల్బు మీదికి వెళ్లాలి. అన్నీ ఒకేసారి ఆగిపోతే బల్బులన్నీ కలిసికట్టుగా పోవడం జరగదు కాబట్టి ఫ్యూజు, ఇండికేటర్లను కొట్టించే ఫ్లాషర్ రిలే, స్విచ్ చూడాలి.

వెలగని బల్బును విప్పి వెలుతురుకు పట్టుకోండి. లోపలి సన్నని తీగ తెగి ఉంటే సంగతి తేలిపోతుంది. గాజు లోపలివైపు నల్లబడి ఉంటే ఆ బల్బు ఆయుష్షు అయిపోయినట్టే. కొన్నిసార్లు తీగ తెగినా కొన కొనకు ఆనుకుని, గతుకు వచ్చినప్పుడు వెలిగి ఆరిపోతూ ఉంటుంది. ఆంబర్ (నారింజ కలిసిన పసుపు) రంగు గాజులో తీగ సరిగా కనిపించకపోతే, అదే కారులో రెండో వైపు పనిచేస్తున్న బల్బును ఇక్కడ పెట్టి చూడండి. అది వెలిగితే తప్పు పాత బల్బుదే. అదీ వెలగకపోతే తప్పు హోల్డరులోనో వైరింగులోనో ఉంది, ఎన్ని కొత్త బల్బులు కొన్నా ప్రయోజనం ఉండదు.

హోల్డరులోకి కూడా తొంగి చూడండి. రాగి, ఇత్తడి భాగాల మీద పచ్చని లేదా తెల్లని పొడి పట్టి ఉంటే లోపలికి తేమ చేరిందని అర్థం. వానాకాలం తరువాత వెనక ల్యాంపుల్లో ఇది తరచుగా కనిపిస్తుంది, నీరు రాకుండా అడ్డుకునే రబ్బరు గ్యాస్కెట్ గట్టిపడి నీరు దిగుతుంది. మరో లక్షణం గుర్తుంచుకోండి: ఇండికేటర్ వేసినప్పుడు అదే ల్యాంపులోని ఎర్ర లైటు కూడా మసకగా మినుకుమంటుంటే ఎక్కువగా ఎర్త్ సరిగా లేదని అర్థం. కరెంటు తిరిగి వెళ్లే దారి సరిగా లేక పక్క బల్బు గుండా దారి వెతుక్కుంటోంది. ఇది బల్బు మార్చితే తగ్గేది కాదు.

కొత్త కార్లు కొన్నవారు ముందే చూసుకోవలసింది ఒకటుంది. అద్దాల్లోని ఇండికేటర్లు, కొన్ని కార్లలో వెనక ఇండికేటర్లు కూడా కంపెనీ నుంచే ఎల్ఈడీతో వస్తున్నాయి. వాటిలో చాలావరకు విప్పి మార్చే బల్బు ఉండదు, ల్యాంపు మొత్తం మార్చాలి. అలాంటప్పుడు దుకాణానికి వెళ్లే ముందు వారంటీ కాగితాలు చూడండి.

రెండో అడుగు: మీ కారు అడిగే కోడు తెలుసుకోండి

దీనికి మూడు ఆధారాలున్నాయి. కారుతో వచ్చిన ఓనర్స్ మాన్యువల్, ల్యాంపు మీద లేదా దాని వెనకవైపు ప్లాస్టిక్‌లో అచ్చుపోసిన అక్షరాలు, పాత బల్బు లోహపు టోపీ మీద ముద్రించిన అక్షరాలు. నమ్మవలసిన వరుస కూడా ఇదే. చాలామంది చివరిదాన్ని మాత్రమే చూస్తారు. కారు మీరే కొత్తగా కొని, బల్బు ఎన్నడూ మార్చకపోతే అది సరిపోతుంది. సెకండ్ హ్యాండ్ కారైతే ఆ పాత బల్బును ఎవరు, ఎక్కడ, ఏమి చూసి పెట్టారో మీకు తెలియదు. తప్పు బల్బును నమూనాగా తీసుకెళితే మళ్లీ తప్పు బల్బే ఇంటికి వస్తుంది.

మాన్యువల్‌లో సాధారణంగా చివరి పేజీల్లో, స్పెసిఫికేషన్ల దగ్గర బల్బుల పట్టిక ఉంటుంది. కొన్నిటిలో కోడు పూర్తిగా ఇస్తారు, కొన్నిటిలో 12 వోల్టులు 21 వాట్లు అని మాత్రమే ఉంటుంది. పుస్తకం పోయినా కంగారు లేదు, పెద్ద కంపెనీలు చాలావరకు తమ వెబ్‌సైట్లలో మాన్యువళ్లు ఉచితంగా ఉంచుతాయి. అయితే మీ కారు తయారైన సంవత్సరం, వేరియంట్ సరిచూసుకోండి. ఒకే పేరున్న కారు ముందుభాగం మారినప్పుడు ల్యాంపులూ మారతాయి. తక్కువ ధర వేరియంట్‌లో ఒక రకం ల్యాంపు, పై వేరియంట్‌లో ఇంకో రకం ఉండటం మామూలే. స్నేహితుడిదీ ఇదే కారని ఆయన చెప్పిన బల్బు కొనకండి.

ముందు ఇండికేటర్ బల్బే వెనకా ఉంటుందనీ అనుకోవద్దు. ఒకే కారులో ముందు ఒకటి, వెనక ఒకటి, పక్కన ఇంకొకటి, ఇలా మూడు రకాలు ఉండవచ్చు. మూడింటి కోడ్లనూ ఒకేసారి రాసిపెట్టుకోండి.

మూడో అడుగు: కోడును చదవడం

బల్బు టోపీ మీద ముద్రించిన ఇంగ్లీషు అక్షరాలు మొదట చిక్కుముడిలా కనిపిస్తాయి గానీ, మన రోడ్ల మీది కార్లలో ఎక్కువగా కనిపించే రకాలకు అది చాలా తేలిక. పీవై21డబ్ల్యూ (PY21W) తీసుకోండి. అంకె వాట్లను చెబుతుంది. మధ్యలో ఉన్న వై అక్షరం ఆంబర్ రంగును చెబుతుంది, వై లేకపోతే తెల్ల గాజు. ఈ సాధారణ రకాల్లో పీ అక్షరంతో మొదలయ్యేవి లోహపు టోపీ, పక్కన రెండు పిన్నులు ఉండి నొక్కి తిప్పి బిగించేవి. డబ్ల్యూతో మొదలయ్యేవి లోహం లేకుండా గాజు అడుగుభాగమే నేరుగా హోల్డరులోకి దిగేవి. వీటినే మన దుకాణాల్లో క్యాప్‌లెస్ బల్బులంటారు.

పీవై21డబ్ల్యూ: ముందు, వెనక ఇండికేటర్లలో విరివిగా కనిపించేది ఇదే. ఆంబర్ గాజు, 21 వాట్లు, అడుగున ఒకే కాంటాక్ట్ (కరెంటు అందుకునే చుక్క). దీని పిన్నులను శ్రద్ధగా చూడండి. అవి ఒకదానికొకటి సరిగ్గా ఎదురెదురుగా ఉండవు, 150 డిగ్రీల కోణంలో కాస్త పక్కకు జరిగి ఉంటాయి. బల్బు అడుగుభాగానికి ఉన్న ఈ ఆకారం పేరు బీఏయూ15ఎస్.

పీ21డబ్ల్యూ: ఇదీ 21 వాట్లే, ఒకే కాంటాక్టే, కానీ గాజు తెల్లనిది, పిన్నులు 180 డిగ్రీలలో సరిగ్గా ఎదురెదురుగా ఉంటాయి. అడుగు పేరు బీఏ15ఎస్. ఇండికేటర్ పైకవరే ఆంబర్ రంగులో ఉన్న కార్లలో ఇది వాడతారు. రివర్సు లైటుకూ ఇదే రకం వాడుతుంటారు.

ఈ రెండింటి పిన్నుల్లో తేడా కావాలని పెట్టినది. ఆంబర్ బల్బు ఉండవలసిన చోట తెల్ల బల్బు దూరకూడదని, తెల్లని వెలుగుతో ఇండికేటర్ కొట్టుకోకూడదని ఆ ఏర్పాటు. మన దగ్గర కొన్ని దుకాణాల్లో ఒక పిన్నును ఆకురాయితో అరగదీసి, తెల్ల బల్బును బలవంతంగా దూర్చి ఇస్తారు. దయచేసి ఒప్పుకోకండి. రంగు తప్పడం ఒక్కటే కాదు, ఒక పిన్ను మీదే నిలబడిన బల్బు గతుకులకు వదులై, కాంటాక్ట్ దగ్గర నిప్పురవ్వలు వచ్చి, హోల్డరును మాడ్చేస్తుంది. ఆదా చేసిన కొద్ది రూపాయలకు బదులు హోల్డరు, ఒక్కోసారి ల్యాంపు మొత్తం మార్చుకోవలసి వస్తుంది.

డబ్ల్యూవై21డబ్ల్యూ: క్యాప్‌లెస్ రకంలో 21 వాట్ల ఆంబర్ బల్బు. దుకాణాల్లో టీ20 ఆంబర్ అనీ, 7440 ఆంబర్ అనీ అడిగినా అర్థమవుతుంది. దీని తెల్ల రూపం డబ్ల్యూ21డబ్ల్యూ.

డబ్ల్యూవై5డబ్ల్యూ: ఫెండరు మీద ఉండే చిన్న ఇండికేటర్‌ది. 5 వాట్లు, టీ10 సైజు. ఇక్కడ ఒక జాగ్రత్త. పెద్ద బల్బుల్లో ఆంబర్‌కూ తెలుపుకూ అడుగు వేరుగా ఉండి మనల్ని కాపాడుతుంది. ఈ చిన్న బల్బులో ఆ రక్షణ లేదు, ఆంబర్‌దీ తెల్లదీ ఒకే అడుగు. పార్కింగ్ లైటుకు వాడే తెల్ల బల్బు ఇందులో సునాయాసంగా కూర్చుంటుంది. రంగు చూసుకోవలసింది మీరే.

పీ21/5డబ్ల్యూ: ఇది చాలావరకు ఇండికేటర్ బల్బు కాదు, వెనక ఎర్ర లైటుకూ బ్రేకుకూ కలిపి వాడే రెండు తీగల బల్బు. ఇక్కడ దీని ప్రస్తావన ఎందుకంటే పొరపాటున ఎక్కువగా చేతికి వచ్చేది ఇదే. అడుగున రెండు చుక్కల్లా రెండు కాంటాక్టులుంటాయి, పిన్నులు ఒకటి పైకీ ఒకటి కిందికీ ఉంటాయి. సింగిల్ కాంటాక్ట్ హోల్డరులో దీన్ని గట్టిగా తోస్తే హోల్డరు గాడి విరుగుతుంది.

ఇవి కాక కొన్ని ఖరీదైన కార్లలో హెచ్‌వై21డబ్ల్యూ, పీఎస్‌వై24డబ్ల్యూ, పీడబ్ల్యూవై24డబ్ల్యూ వంటివి వస్తాయి. వీటికి ప్రత్యామ్నాయాలు వెతకకండి, కోడులో ఒక్క అక్షరం మారినా అడుగు మారుతుంది. వీటిలో హాలోజెన్ రకాలను వేళ్లతో ముట్టకూడదు, చేతి జిడ్డు అంటిన చోట గాజు వేడెక్కి దెబ్బతింటుంది.

కంపెనీలు తమ సొంత నంబర్లు కూడా వేస్తాయి. పీవై21డబ్ల్యూకు ఫిలిప్స్ నంబరు 12496, ఆస్రమ్ నంబరు 7507. పీ21డబ్ల్యూకు ఫిలిప్స్‌లో 12498, ఆస్రమ్‌లో 7506. డబ్ల్యూవై5డబ్ల్యూకు ఫిలిప్స్ 12396, ఆస్రమ్ 2827. డబ్బా మీద నంబరు ఒక్కటే పెద్దగా కనిపించినప్పుడు ఇవి పనికొస్తాయి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఒక మాట. అక్కడ 1156, 1157, 3157, 7440, 7443 అనే నంబర్లే వాడుకలో ఉన్నాయి. వెనక ఇండికేటర్ ఎర్రగా ఉండటానికి కూడా అక్కడి నియమాలు ఒప్పుకుంటాయి, కాబట్టి చాలా కార్లలో బ్రేకుకూ ఇండికేటర్‌కూ ఒకటే రెండు తీగల బల్బు ఉంటుంది. వెనక ఎర్ర కవరు కింద తెల్ల బల్బు కనిపిస్తే అది తప్పని ఆంబర్‌ది కొని పెట్టకండి. ముందువైపు మాత్రం ఆంబర్ తప్పనిసరి. ఎల్ఈడీ కొనేటప్పుడు 3157, 7443 నంబర్ల చివర సీకే అక్షరాలున్నాయో లేవో చూడండి. ఆకారం ఒకటే అయినా హోల్డరులో ప్లస్, మైనస్‌ల అమరిక వేరు, తప్పు రకం పెడితే ఫ్యూజు పోవచ్చు.

నాలుగో అడుగు: రంగు

సూత్రం ఒకటే. బయటికి వచ్చే వెలుగు ఆంబర్‌గా ఉండాలి, ఆ రంగు ఒక్కసారే రావాలి. పైకవరు తెల్లగా, అద్దంలా ఉంటే బల్బు ఆంబర్‌ది. పైకవరే ఆంబర్‌దైతే బల్బు తెల్లది.

రెండూ ఆంబర్ పెడితే ఏమవుతుంది? లెక్క చూడండి. తెల్ల గాజు పీ21డబ్ల్యూ వెలుగు 460 ల్యూమెన్లు (వెలుగును కొలిచే లెక్క). అదే 21 వాట్లు తీసుకునే ఆంబర్ పీవై21డబ్ల్యూ ఇచ్చేది 280. అంటే రంగు గాజే దాదాపు 40 శాతం వెలుగును ఆపేస్తోంది. దాని ముందు మరో ఆంబర్ కవరు ఉంటే ఇంకొంత పోతుంది. రాత్రి బాగానే కనిపిస్తుంది గానీ పగలు వెలవెలబోతుంది.

పాత ఆంబర్ బల్బుల్లో ఇంకో ఇబ్బంది ఉంది. కొన్నిటిలో రంగు గాజులో కలిసి ఉండదు, పైన పూతగా ఉంటుంది. ఏళ్ల వేడికి ఆ పూత పొరలుగా ఊడిపోతుంది. బల్బు వెలుగుతూనే ఉంటుంది, డ్యాష్‌బోర్డు ఏ హెచ్చరికా ఇవ్వదు, కానీ బయటికి వచ్చేది పాలిపోయిన పసుపో తెలుపో. కొన్ని సంవత్సరాలైన కారైతే పోయిన బల్బును మార్చేటప్పుడు రెండో వైపు బల్బు రంగు కూడా చూసి, పూత ఊడుతుంటే దాన్నీ మార్చేయండి.

ఆరి ఉన్నప్పుడు వెండిలా మెరుస్తూ, వెలిగితే ఆంబర్ వెలుగునిచ్చే బల్బులు కూడా దొరుకుతాయి. తెల్ల కవరులో పసుపు గుడ్డులా బల్బు కనిపించడం ఇష్టం లేనివారి కోసం చేసినవి. మంచి కంపెనీవైతే అభ్యంతరం లేదు. నీలం, గులాబీ, తెలుపు వెలుగుల జోలికి మాత్రం వెళ్లకండి. కేంద్ర మోటారు వాహనాల నియమాలు, 1989 ప్రకారం ఇండికేటర్ వెలుగు ఆంబర్ రంగులోనే ఉండాలి.

ఐదో అడుగు: వోల్టులు, వాట్లు

మన కార్లకు 12 వోల్టులు, లారీలకూ బస్సులకూ సాధారణంగా 24. పీ21డబ్ల్యూ, పీవై21డబ్ల్యూ రెండింటిలోనూ 24 వోల్టుల రూపాలున్నాయి, చూపులకు అచ్చంగా ఒకేలా ఉంటాయి. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట, లారీల స్పేర్లు ఎక్కువగా అమ్మే దుకాణంలో కొంటుంటే ఈ ఒక్క అంకెను తప్పనిసరిగా చదవండి. 24 వోల్టుల బల్బును కారులో పెడితే సగం వెలుగు కూడా రాదు, తీగ ఎర్రగా కాగి ఊరుకుంటుంది.

వాట్ల దగ్గర రెండు వైపులా ప్రమాదమే. 21 వాట్ల బల్బు 12 వోల్టుల దగ్గర సుమారు 1.75 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుంది. ఇండికేటర్లను కొట్టించే ఫ్లాషర్, కొత్త కార్లలోనైతే కంప్యూటర్ యూనిట్, ఆ కరెంటును గమనిస్తూ ఉంటుంది. కరెంటు తగ్గిందంటే బల్బు పోయిందని లెక్కగట్టి వేగం పెంచుతుంది. మీరు 10 వాట్ల బైకు బల్బు పెట్టారనుకోండి, వెలుగు సగం కంటే బాగా తక్కువకు పడిపోవడమే కాక కొత్త బల్బు పెట్టిన తరువాత కూడా ఆ టిక్ టిక్ వేగం తగ్గకపోవచ్చు. అప్పుడు రిలే పోయిందని దాన్ని మార్చేవారున్నారు. తప్పు బల్బుది, శిక్ష రిలేకి. ఎక్కువ వాట్లు పెట్టేవారు ఇంకో రకం నష్టం తెచ్చుకుంటారు. ల్యాంపు లోపలి ప్లాస్టిక్, హోల్డరు ఒక నిర్దిష్టమైన వేడికే తయారయ్యాయి. అంతకు మించితే ముందు హోల్డరు వంగుతుంది, తరువాత ల్యాంపు లోపలి వెండి పూత మసకబారుతుంది.

బల్బులు తరచుగా పోతుంటే మాత్రం బల్బుల కంపెనీని నిందించే ముందు బ్యాటరీ దగ్గర మల్టీమీటరు పెట్టండి. ఇంజను నడుస్తున్నప్పుడు సుమారు 13.5 నుంచి 14.5 వోల్టులు ఉండటం మామూలు. 15 దాటి కనిపిస్తే ఆల్టర్నేటర్ రెగ్యులేటరును ఎలక్ట్రీషియన్‌కు చూపించాలి, లేకపోతే బల్బులతో ఆగదు.

ఎల్ఈడీ పెట్టవచ్చా?

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. కారు ఫిలమెంటు (లోపల సన్నని తీగ ఉన్న) బల్బుతో వచ్చిందంటే ఫిలమెంటు బల్బే పెట్టండి. ఇండికేటర్ రోజుకు కొద్ది నిమిషాలే వెలుగుతుంది, కరెంటు ఆదా అన్న మాటకు ఇక్కడ విలువ లేదు. ల్యాంపు లోపలి రిఫ్లెక్టరును తీగ ఎక్కడ ఉంటుందో లెక్కకట్టి, అక్కడి నుంచి చుట్టూ వచ్చే వెలుగును ముందుకు, పక్కలకు పంచేలా చేశారు. ఎల్ఈడీ చిప్పులు అదే చోట ఉండవు, వెలుగు అన్నివైపులకూ ఒకేలా చిమ్మదు. గోడ మీద చూస్తే ఎల్ఈడీ కళ్లు చెదిరేలా ఉంటుంది, కాస్త పక్క కోణం నుంచి చూస్తే ఎన్నోసార్లు తేలిపోతుంది. పక్క లేన్‌లో ఉన్న స్కూటరిస్టు చూసేది ఆ పక్క కోణం నుంచే.

రెండో చిక్కు వేగం. ఎల్ఈడీ తీసుకునే కరెంటు చాలా తక్కువ కాబట్టి బల్బు పోయిందనుకుని కారు వేగంగా కొట్టిస్తుంది. దానికి విరుగుడుగా 6 ఓమ్‌ల రెసిస్టరు తీగలకు కలుపుతారు. లెక్క వేసి చూడండి, 13.5 వోల్టుల దగ్గర అది 2.25 ఆంపియర్లు తీసుకుని, 30 వాట్ల కరెంటును ఊరికే వేడిగా మారుస్తుంది. హజార్డ్ లైట్లు వేసి కారు ఆపి ఉంచినప్పుడు ఆ రెసిస్టరును ముడితే చెయ్యి కాలుతుంది. దాన్ని ప్లాస్టిక్‌కో తీగల కట్టకో టేపుతో చుట్టి వదిలేసిన పనితనం ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. ఫిలమెంటు బల్బులో అదే కరెంటు వెలుగైనా ఇస్తుంది.

ఇంతా విన్న తరువాత కూడా ఎల్ఈడీయే కావాలంటే తెల్ల ఎల్ఈడీ కాకుండా ఆంబర్ ఎల్ఈడీ కొనండి, రెండు వైపులా ఒకే రకం పెట్టండి, పొడవు ల్యాంపులో పడుతుందో లేదో ముందే కొలవండి. రెసిస్టరుకు బదులు మీ కారుకు విడిగా రిలే ఉంటే ఎల్ఈడీకి సరిపోయే ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ వేయించడం మేలు. పెట్టాక వెలగకపోతే తిప్పి పెట్టి చూడండి, క్యాప్‌లెస్ ఎల్ఈడీలు చాలావాటికి ప్లస్, మైనస్ ఉంటాయి. వారంటీలో ఉన్న కారైతే తీగలు కత్తిరించే పని ఏదీ చేయించవద్దు.

దుకాణంలో

కారు పేరు చెప్పి ఇండికేటర్ బల్బు ఇవ్వమని అడగకండి. కోడు చెప్పి అడగండి: "పీవై21డబ్ల్యూ, 12 వోల్టులు, ఆంబర్, సింగిల్ కాంటాక్ట్". పాత బల్బును జేబులో తీసుకెళ్లండి, కానీ పోల్చి చూడటానికే. కొత్తదాన్ని పక్కన పెట్టి పిన్నుల కోణం, ఎత్తు, అడుగున కాంటాక్టుల సంఖ్య, గాజు పొడవు చూడండి. టోపీ మీద కోడు, వోల్టులు, వాట్లు స్పష్టంగా ముద్రించి ఉండాలి. గుండ్రని గీత లోపల ఇంగ్లీషు అక్షరం E, పక్కన అంకె ఉంటే ఐక్యరాజ్యసమితి వాహన నియమాల కింద ఆమోదం పొందిన బల్బని అర్థం. టోపీ మీద ఏ ముద్రా లేని బల్బు ఎంత చవకగా వచ్చినా వదిలేయండి. అలాంటివాటిలో తీగ వంకరగా ఉండటం, గాజు టోపీలో కదలడం, టంకం ముద్ద మరీ ఎత్తుగా ఉండటం మామూలు.

ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు "అన్ని కార్లకూ సరిపోతుంది" అని రాసి ఉన్నదంటే ఆ పేజీ మూసేయవచ్చు. అన్ని కార్లకూ సరిపోయే ఇండికేటర్ బల్బు లేదు.

రెండు కొనండి. ఒకే రోజు కారులోకి వచ్చిన కుడి, ఎడమ బల్బులు ఇంచుమించు ఒకే కాలం పనిచేస్తాయి. ఒకటి పోయిందంటే రెండోది కూడా ముసలిదైనట్టే.

బిగించడం

ఇంజను, లైట్లు ఆపి, బల్బు చల్లారేదాకా ఆగండి. వెనక ల్యాంపు చాలా కార్లలో డిక్కీ తెరిస్తే కనిపించే స్క్రూలతో నిలబడి ఉంటుంది, వాటిని విప్పి ల్యాంపును నేరుగా వెనక్కి లాగాలి, పక్కకు వంచితే ప్లాస్టిక్ గూటాలు విరుగుతాయి. ముందువైపు బానెట్ లోపలి నుంచి చెయ్యి పెట్టి హోల్డరును అపసవ్య దిశలో పావు వంతు తిప్పితే ఊడి వస్తుంది. కొన్ని కార్లలో బ్యాటరీ అడ్డం వస్తుంది, కొన్నిటిలో చక్రం వెనకున్న ప్లాస్టిక్ కవరు విప్పవలసి ఉంటుంది. అలాంటి కారైతే మెకానిక్‌కు ఇవ్వడమే మంచిది, కాని బల్బు మాత్రం మీరు ఎంచుకున్నదే ఇవ్వండి.

పిన్నులున్న బల్బును లోపలికి నొక్కి, తిప్పి, వదలాలి. క్యాప్‌లెస్ బల్బును తిప్పకూడదు, నేరుగా లాగాలి. తుప్పుతో బిగుసుకుపోతే గుడ్డ చుట్టి పట్టుకోండి, గాజు పగిలి వేళ్లకు గుచ్చుకోవచ్చు. కొత్త బల్బు ఎక్కడా బలవంతం లేకుండా దిగాలి. దిగకపోతే కోడు తప్పిందేమో మళ్లీ చూడండి, సుత్తికీ ఆకురాయికీ ఇక్కడ పని లేదు. హోల్డరు కాంటాక్టుల మీద పొడి పట్టి ఉంటే సన్నని గరుకు కాగితంతో తుడవండి. ల్యాంపు మూసే ముందు రబ్బరు గ్యాస్కెట్ గాడిలో కూర్చుందో లేదో చూడండి.

చివరి పరీక్ష

స్క్రూలన్నీ బిగించే ముందే ఇండికేటర్ వేసి వాచీ చూడండి. నియమం ప్రకారం నిమిషానికి 60 నుంచి 120 సార్లు కొట్టుకోవాలి, అంటే 15 సెకన్లలో 15 నుంచి 30. ఇక హెడ్‌లైట్లు వేసి, బ్రేకు తొక్కి, ఇండికేటర్ వేసి, మూడూ ఒకేసారి నడుస్తున్నప్పుడు ఇంట్లో ఎవరినైనా వెనక నిలబడి చూడమనండి. బ్రేకు తొక్కగానే ఇండికేటర్ మసకబారినా, ఇండికేటర్‌తో పాటు ఎర్ర లైటు మినుకుమన్నా ఎర్త్ దగ్గరికి మళ్లీ వెళ్లాలి. ఈ పరీక్ష రాత్రి చేయకండి. చీకట్లో ప్రతి బల్బూ బాగున్నట్టే కనిపిస్తుంది. పగటి ఎండలో, ఇరవై అడుగుల దూరం నుంచి, ఒకసారి సరిగ్గా వెనక నుంచి, ఒకసారి పక్కగా నిలబడి రెండు వైపుల వెలుగునూ పోల్చి చూడమనండి.

పాత బల్బుల్లో ఇంకా వెలుగుతున్నది ఉంటే దాన్ని పారేయకుండా గుడ్డలో చుట్టి డ్యాష్‌బోర్డు అరలో పెట్టుకోండి, దూర ప్రయాణంలో ఆ పూటకు పనికొస్తుంది. ముందు, వెనక, పక్క బల్బుల కోడ్లు మూడూ మాన్యువల్ అట్ట లోపలివైపు పెన్నుతో రాయండి.